వెదుళ్లమెట్ట మడుగులో వేసిన వల

సబ్ డివిజనల్ పోలీసు అధికారి గారి సముఖమునకు,
నరసాపురం వాస్తవ్యుడు, పత్రికా విలేకరి కొల్లాటి సుధాకర్ రాసుకొన్న అర్జీ.

తేదీ: 19-3-2025

అయ్యా,

విషయం: వెదుళ్లమెట్ట కొండదారి గైడ్ పల్లాల రాజేంద్ర (24) మీద ఉన్న హత్య కేసులో మొదటి సాక్షినైన నేను నా వాంగ్మూలం మార్చుకొనుట గురించి.

1. మార్చి 2, ఆదివారం నేనూ, నా భార్య తమ్ముడు బుల్లియ్యా ఆ కొండదారి నడవడానికి వెళ్లి, రాజేంద్రను గైడుగా పెట్టుకున్నాము. బుల్లియ్యది చేపల వేట. ఎక్కడికి వెళ్లినా విసురు వల సంచిలో ఉండాలి. కొండకెందుకురా అంటే, "నీళ్లుంటాయిగా బావా" అన్నాడు.

2. మూడు కిలోమీటర్లు ఎక్కాక మడుగు వచ్చింది. మామిడి పండగ నాడు ఊరంతా కలిసి అందులో చేపలు పడతారు. అంతవరకు ఊరివాళ్లు కూడా ఆ నీళ్లలో చెయ్యి పెట్టరు. ఈ సంగతి రాజేంద్ర మాకు చెప్పలేదని నేను వాంగ్మూలంలో అన్నాను. అది అబద్ధం. దారిలోనే చెప్పాడు. ఇద్దరం విన్నాము.

3. బుల్లియ్య వల విసిరాడు. "వద్దండి, ఊళ్లో నన్ను బతకనివ్వరు" అని రాజేంద్ర వల పట్టుకున్నాడు. "సముద్రంలో వేసేవాణ్ణి. నీ గుంటలో వెయ్యడానికి నీ పర్మిషనేంట్రా" అని బుల్లియ్య అతణ్ణి చెంప మీద కొట్టాడు. రాజేంద్ర తుప్పలు నరికే కత్తి తీసి వల తాడు కోశాడు. కత్తి తగిలింది తాడుకే. బుల్లియ్య అతణ్ణి బండ మీద పడేసి మొహం మీద మూడుసార్లు తన్నాడు. ముందు పళ్లు రెండు ఊడిపోయాయి. నాలుగోసారి కాలెత్తితే రాజేంద్ర ఆ కాలు పట్టుకుని లాగాడు.

4. అప్పుడు నేను తడి వల ఎత్తి రాజేంద్ర తలకేసి తిప్పి కొట్టాను. వల అంచంతా సీసపు గుళ్లు. కాలు లాగేసరికి బుల్లియ్య ముందుకు తూలాడు. దెబ్బ అతని కణతకు తగిలింది.

5. బుల్లియ్యను వీపున వేసుకుని కొండ దింపింది రాజేంద్ర. పళ్లు ఊడిన అతని నోట్లోంచి రక్తం కారుతూనే ఉంది. "ఊపిరాడుతోందా చూడండి సార్" అని నాలుగుసార్లు ఆగి అడిగాడు. కింద పోలీసులు నన్ను అడిగినప్పుడు, గొడవైంది, గైడు కత్తి తీశాడు, మావాడి తల పగిలింది అన్నాను. మూడూ నిజాలే. తల పగలగొట్టింది ఎవరో చెప్పలేదు. రాజేంద్ర మాట పక్కన పెట్టి నా మాటే రాసుకున్నారు. మర్నాడు మా పేపరుకు వార్త కూడా అలాగే పంపాను.

6. బుల్లియ్య 6వ తేదీన ఆస్పత్రిలో చనిపోయాడు. ఒంటి మీద కత్తిగాటు లేదు గనుక రాయితో కొట్టి ఉంటాడని కేసులో రాశారు. పోస్టుమార్టం రిపోర్టులో కణత మీద గుండ్రటి నొక్కులు మూడు, రెండేసి వేళ్ల ఎడంలో ఉన్నాయి. వల గుళ్ల మధ్య ఎడం కొలిచాను. అంతే ఉంది.

7. మొన్న 17న రాజేంద్ర తల్లి అచ్చాయమ్మ మా ఇంటికి వచ్చింది. "మీరు అక్కడే ఉన్నారంట గదా బాబూ. మావోడే కొట్టాడని మీ నోటితో చెప్పండి, నమ్మి ఎల్లిపోతాను" అంది. నా భార్య వీరదుర్గ ఆమెను జుట్టు పట్టి మెట్ల మీద నుంచి కిందికి ఈడ్చింది. ఆమె నుదురు చిట్లింది. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.

కావున రాజేంద్రను విడిపించి, ఆ కేసు నా పేరున రాయించవలెనని కోరుతూ, తాము ఈ నిజము ఆలస్యమైనందుకు నన్ను మన్నింపక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కొల్లాటి సుధాకర్

తా.క. వల ఈ అర్జీతో పాటు సంచిలో ఉంది. కడగలేదు. మూడు గుళ్లకు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. తమ్ముడి గుర్తుగా దాచుకుంటాను, ఆ వల ఎక్కడ పెట్టారండీ అని వీరదుర్గ రోజూ అడుగుతోంది. ఇవాళ పొద్దున కూడా అడిగింది. అడిగి, నాకు అన్నం పెట్టింది.