వంతెన మీద చెప్పులు

సుజాత వాళ్ల నాయనా,

గోదావరి వంతెనను ఇవాళ మళ్లీ తెరిచారు. నువ్వు లేవని తెలిసినా, నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

చిన్నప్పుడు భూమి అదిరి మీ ఇంటి గోడ కూలిన దగ్గర్నుంచి నీకు వంతెనంటే నమ్మకం లేదు. భద్రాచలం నుంచి సారపాక కాగితం మిల్లుకు డ్యూటీకి పోయేవాళ్లంతా సైకిళ్లు తొక్కుతూ దాటితే, నువ్వు మాత్రం దిగి, చెప్పులు విప్పి, హ్యాండిలుకు తగిలించి నడిచేవాడివి. ఎవరైనా నవ్వితే, "భూమి కదిలితె ముందు కాళ్లకే తెలుస్తది" అనేవాడివి. నాకూ ఆ అలవాటే అంటుకుంది.

ఆ వంతెననే ఇప్పుడు భూకంపానికి తట్టుకునేలా గట్టిపరిచారు. ఆ పని చేసిన ఇంజనీర్లలో మన సుజాత ఒకతె. పైభాగాన్ని జాకీలతో లేపి, స్తంభాల మీద రబ్బరు దిమ్మలు పెట్టించింది. సిమెంటు పట్టిన దాని బట్టలు నేనే ఉతికాను, ఇంకెవరినీ ముట్టనివ్వలేదు.

"గంత గట్టిగ కట్టి మల్ల రబ్బరేందే?" అని ఒకరోజు అడిగాను.

"బిగుసుకొని నిలవడ్డది ఇరుగుతదే అమ్మా. జర కదలనిస్తె నిలుస్తది" అంది.

పొద్దున మేమిద్దరం నడిచి దాటాం. వంతెన మొదట్లో నా చేయి అలవాటుగా చెప్పుల మీదికి పోయింది. సుజాత అది చూసింది. నాకే సిగ్గేసి చేయి తీసేశాను.

సగం దూరం పోయాక జామాయిలు కర్ర లారీ ఒకటి మా పక్కనుంచి వెళ్లింది. కాళ్ల కింద వంతెన సన్నగా కదిలింది. సుజాత నా ముఖం వంక చూసింది.

నేను చెప్పులు విప్పలేదు.

"మంచిగనే కదులుతాంది బిడ్డా" అన్నాను.