ఆటో మైకులో నీ గొంతు

సునీతక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా ఈ కోపం ఇంకెవరికి చెప్పుకోవాలో తెలియక రాస్తున్నాను.

మొన్న వన్ టౌన్‌లో ఎన్నికల ఆటో మైకులోంచి నీ గొంతు వినిపించింది. చర్చిలో పాడిన ఆ గొంతుతోనే, ఎదుటి పార్టీ అభ్యర్థి భార్యను తిట్టే పాట. బతికుండగా నువ్వు పాడనని, నీ పాటలు రికార్డు చేసే కిరణ్ స్టూడియోలోంచి లేచి వచ్చేసిన పాటే. అటునుంచి అటే వాడి స్టూడియోకి వెళ్లాను.

“కొత్త ప్లగిన్‌ రా. అక్క పాత రికార్డింగులన్నీ అందులో వేశా. ఏం టైప్ చేస్తే అది ఆమె గొంతుతోనే పాడుద్ది,” అన్నాడు గొప్పగా.

“అక్కని అడిగావా?”

“పోయిన మనిషిని ఎట్టా అడుగుతార్రా?”

“ఉన్నప్పుడు అడిగావుగా! పాడనంది కదా!”

పక్కనే నిలబడి, నీ గొంతున్న ఫైళ్లన్నీ వాడి చేతే తీసేయించాను. కానీ పాట అప్పటికే ఊళ్లకు వెళ్లిపోయిందక్కా.

ఈ పొద్దున ఆ ఆటో పామర్రులో మన వీధికే వచ్చింది. మైకులో నువ్వు ఎవరినో బూతులు తిడుతుంటే, అమ్మ పొయ్యి మీద పాలు వదిలేసి, నీ పేరు పెట్టి పిలుస్తూ గేటు దాకా పరుగెత్తింది.

నీ తమ్ముడు