దునుకు అన్నందుకు

శనివారం రాత్రి, మహబూబాబాద్

మా కాలేజీ ఈత కోచ్‌ను ఈరోజు మార్చారు. నిరుడు నేను "ఇగ దునుకాల్నా సార్?" అని అడిగితే, "దునకడం కాదమ్మా, దూకడం. ముందు తెలుగు నేర్చుకో" అని అందరినీ నవ్వించి, నన్ను జట్టులోంచి తీసేసినవాడు ఆయనే.

కొత్త కోచ్ డోర్నకల్ అక్క. విజిల్ మెడలో వేసుకుంటూనే "దునుకుండ్రి!" అని అరిచింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. రోడ్డు మీద జై తెలంగాణ నినాదాలు.

సార్ సంచి భుజానికి తగిలించుకుని, "వెళ్లొస్తానమ్మా" అన్నాడు. వెళ్లేవాళ్లతో "పోయి రాండ్రి" అనాలి. మా అవ్వ పగవాళ్లతోనైనా అదే అంటుంది.

"పోండ్రి సార్" అన్నాను. అంతే, "రాండ్రి" అనలేదు.

ఆయన గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. నా తెలుగు ఆయనకు మొదటిసారి పూర్తిగా అర్థమైంది.