పదకొండో గది అట్ట

జూన్ 3, మంగళవారం

అవును, నిలవను. మొబైల్ షాపులో నాలుగు నెలలు, ప్రింటింగ్ ప్రెస్‌లో రెండు, గ్యారేజీలో తొమ్మిది రోజులు, కొరియర్‌లో ఏడు వారాలు. ఈ లిస్టు నాన్నకంటే నాకే బాగా తెలుసు. నిన్న అంత గొంతేసుకుని చదవక్కర్లేదు. పక్కింటివాళ్లు టీవీ సౌండ్ తగ్గించి మరీ విన్నారు.

కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నానట. కాలు కాలితే ఏ పిల్లయినా తిరుగుతుంది. తిరగమాకు అని అరిస్తే కాలు చల్లబడుతుందా?

కొరియర్ సంగతి నేనేం దాచలేదు. జంతువుల షెల్టర్‌కి మందుల పెట్టె ఇవ్వడానికి వెళ్లాను. గేటు దగ్గర ఒకావిడ కుక్క కాలికి కట్టు కడుతోంది. తమ్ముడూ, ఒక్క నిమిషం తల పట్టుకో అంది. పట్టుకున్నాను. ఒక్క నిమిషం మూడు గంటలైంది. ఆ తర్వాత ఇంకో కుక్క, దాని తర్వాత చెవిలో పుండున్న పిల్లి. బ్యాగులో ఇరవై మూడు పార్శిళ్లు అలాగే ఉన్నాయి. సూపర్‌వైజర్ పద్నాలుగు సార్లు ఫోన్ చేశాడు. పదిహేనోసారి ఎత్తితే, ఇక రావద్దన్నాడు.

అక్కడి ఇన్‌చార్జ్ మేడమ్ అంతా చూస్తూనే ఉంది. నెల రోజులు ట్రయల్ మీద రమ్మంది. ఇంట్లో చెప్పానో లేదో, మనుషుల దగ్గర నిలవనివాడివి కుక్కల దగ్గర నిలుస్తావా అని నాన్న మొదలెట్టాడు. అమ్మ ఇద్దరికీ సర్దిచెప్పింది. అంటే నాన్న అన్నదే మెల్లగా అంది.

చివరికి తేల్చింది ఇది. నెలాఖరుకి మేడమ్ ఉంచుకుంటే సరే. లేకపోతే జూలై ఒకటి నుంచి నాన్నతో లిఫ్టుల పనికి వెళ్లాలి, నోరెత్తకుండా. నాన్న లిఫ్ట్ మెకానిక్. ముప్పై ఏళ్లుగా ఒకే కంపెనీ. ఆయనకి నిలవడం అంటే అదీ.

జూన్ 4, బుధవారం

చేతులు ఫినాయిల్ వాసన. సబ్బు పెట్టి మూడుసార్లు కడిగినా పోలేదు.

జూన్ 6, శుక్రవారం

కుక్కల్ని ముద్దుచేయడం అనుకున్నాను. కాదు. కడగడం. ఇరవై రెండు గదులు, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. ఆ రోజు కట్టు కట్టినావిడే నాకు పని నేర్పుతోంది. చేతిలో బకెట్ లేకుండా ఆవిణ్ణి చూడలేదు కాబట్టి నా లెక్కలో బాల్చీ అక్క. నేను నేల తుడుస్తుంటే వచ్చి, నాయనా, నేలకి ముగ్గేస్తున్నావా, కడుగుతున్నావా అంది.

ప్రతి గది తలుపుకీ ఒక అట్ట వేలాడుతుంది. దానికి క్లిప్పుతో కాగితం. గది చూసుకునేవాడు రోజూ అందులో ఒకట్రెండు ముక్కలు రాయాలి. కుక్కని తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు ఆ కాగితం చదివే నిర్ణయించుకుంటారు.

నాకు ఆరు గదులిచ్చారు. నాలుగో గదికి పిరికిది అని రాశాను. మేడమ్ కొట్టేసింది. పిరికితనం ఎక్కడుంది, ఏ రంగులో ఉంది, చూపించు అంది. కుక్క వైపు చూశాను. సరే, నువ్వేం చూశావ్ అంది. బకెట్ చప్పుడుకి మూలకెళ్లింది, పది నిమిషాలకి బయటికొచ్చింది అన్నాను. అదే రాయమంది. చూసింది రాయి, అనుకున్నది నీ దగ్గరే ఉంచుకో, ఇక్కడ ఉన్న రూలు అదొక్కటే అంది.

టెన్త్ మధ్యలో మానేసినవాడికి మళ్లీ రాతపనేంట్రా దేవుడా.

జూన్ 12, గురువారం

పదకొండో గది గురించి రాయాలి. గోధుమరంగు కుక్క, ఒక చెవి మడతపడి ఉంటుంది. పద్నాలుగు నెలల నుంచి ఇక్కడే ఉంది. అందరికంటే సీనియర్. నేను వెళ్లగానే మోకాలికి తల ఆనించి ఊరుకుంటుంది. గెంతదు, నాకదు. ఆనించి నిలబడుతుంది, అంతే. బరువు మొత్తం నా మీద వేస్తుంది.

ఇవాళ తిండి పెట్టి, గిన్నె సర్దుదామని వంగాను. గుర్రుమంది. ఒళ్లంతా బిగుసుకుపోయింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తినడం అవగానే మళ్లీ వచ్చి తల ఆనించింది, ఏమీ జరగనట్టు.

అట్ట మీద రాశాను: తోక ఊపింది. మోకాలికి తల ఆనించింది.

రెండూ చూసినవే.

జూన్ 16, సోమవారం

మళ్లీ గుర్రుమంది. ఈసారి గిన్నెకి రెండడుగుల దూరంలో ఉన్నాను. అట్ట మీద: పిలిస్తే వచ్చింది. వాకింగ్‌లో తాడు లాగలేదు.

జూన్ 19, గురువారం

నాన్న నెలాఖరుకి ఇంకా పదకొండు రోజులన్నాడు. నేను అడగలేదు.

జూన్ 22, ఆదివారం

పదకొండు వెళ్లిపోయింది!

భార్యాభర్తలు, ఆరేళ్ల పాప. అది పాప మోకాలికి తల ఆనించింది. పాప నవ్వింది. పాప వాళ్ల నాన్న నా రాతలన్నీ వరసగా చదివాడు. ఇంత మంచి కుక్క ఇన్నాళ్లు ఎలా మిగిలిందండీ అన్నాడు. తాడు ఆయన చేతికిచ్చాను. కారెక్కేటప్పుడు అది వెనక్కి తిరిగి చూసింది. చేయి ఊపాను. కుక్కకి చేయి ఊపడం ఏంటో.

బాల్చీ అక్క నా వీపు మీద ఒక్కటిచ్చింది. మూడు వారాలకే చేసి చూపించావురా, నీ చెయ్యి మంచిది అంది. మేడమ్ కూడా నవ్వింది. ఉద్యోగం ఖాయమైనట్టే.

ఇంటికొచ్చి చెప్పాను. నాన్న ఊఁ అన్నాడు. నాన్న ఊఁ అంటే మామూలు మాట కాదు.

జూన్ 26, గురువారం, మధ్యాహ్నం 3

తిరిగొచ్చింది.

పాప గిన్నెలో ఇంకొంచెం వేద్దామని చెయ్యి పెట్టిందట. మణికట్టు మీద పళ్లు దిగాయి. రెండు గాట్లు. ఇంజెక్షన్లు చేయించారట. లోతుగా లేదు అని పాప వాళ్ల నాన్న రెండుసార్లు చెప్పాడు, తనకి తానే చెప్పుకుంటున్నట్టు. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. మీ కాగితంలో ఎక్కడా లేదండీ, నేను మొత్తం చదివాను అన్నాడు.

మేడమ్ అట్ట తీసి పైనుంచి కింది దాకా చూసింది. నావైపు చూడలేదు. గది నంబరు పక్కన ఎర్ర చుక్క పెట్టింది. ఎర్ర చుక్క అంటే కారణం తెలియకుండా కరిచే కుక్క. ఇక ఎవరికీ ఇవ్వరు. వెనక షెడ్డులో, బతికినన్నాళ్లు.

కారణం తెలియకుండా.

అదే రోజు, సాయంత్రం 6

బాల్చీ అక్కకి చెప్పేశాను. గుర్రుమనడం చూశానని, రాయలేదని. ఆవిడ బకెట్ కింద పెట్టింది. మొదటిసారి చూశాను చేతులు ఖాళీగా. నోరు మూసుకో అంది. నాలుగు రోజుల్లో ట్రయల్ అయిపోతుంది, చెప్తే మేడమ్ ఆ నిమిషమే పంపేస్తుంది, ఇంతకుముందు ఒకణ్ణి అలాగే పంపింది అంది. అది కుక్క, షెడ్డులోనైనా దానికి అన్నం దొరుకుతుంది, నీకు దొరకద్దా అంది.

నా మంచికే చెప్పింది. ఆవిడ చెప్పినదాంట్లో తప్పు లేదు.

చెప్తే నేను పోతాను. చెప్పకపోతే అది పోతుంది. ఇంతే, ఇందులో ఇంకేం లేదు.

జూన్ 28, శనివారం

షెడ్డుకి వెళ్లాను. తల ఆనించింది. రాకుండా ఉన్నా బాగుండేది.

జూన్ 29, ఆదివారం

నాన్న వరండాలో కూర్చుని స్క్రూడ్రైవర్లు తుడుచుకుంటున్నాడు. పక్కన కూర్చున్నాను. లిఫ్ట్ చెక్ చేసినప్పుడల్లా మెషిన్ రూంలో ఒక రిజిస్టర్‌లో రాస్తారు కదా, ఎప్పుడైనా రాయకుండా వదిలేశావా అని అడిగాను.

కేకలేస్తాడనుకున్నాను. ఒక స్క్రూడ్రైవర్ మొత్తం తుడిచాడు. తర్వాత చెప్పాడు. ఒకసారి, నేను పుట్టకముందు. ఒక బిల్డింగ్‌లో తలుపు సెన్సర్ సరిగా పనిచేయట్లేదు. రాస్తే, కిందటిసారి సరిగా బిగించనిది తనేనని తెలుస్తుంది. రాయలేదు. రేపొచ్చి చేసేద్దామనుకున్నాడు. ఆ రేపు ఆరు రోజులకి వచ్చింది. ఆ ఆరు రోజులూ పొద్దునా సాయంత్రం ఆ బిల్డింగ్‌కి వెళ్లి ఎదురుగా నిలబడి, ఎక్కేవాళ్లని, దిగేవాళ్లని లెక్కపెట్టుకున్నాడట. ఎక్కినవాళ్లంతా దిగారా లేదా అని.

ఏమైంది అన్నాను. ఏమీ కాలేదు, అందరూ దిగారు అన్నాడు. నీకేమైంది అన్నాను. మీ అమ్మనడుగు, అప్పట్నుంచే నాకు గ్యాస్ అన్నాడు.

అమ్మ లోపల్నుంచి నవ్వింది. నాన్న నవ్వలేదు. ఇప్పుడెందుకు అడిగావు అనలేదు. డబ్బా మూసి లోపలికెళ్లాడు.

జూన్ 30, సోమవారం

పొద్దున ఐదున్నరకే వెళ్లాను. ఎవరూ రాకముందే పదకొండో గది అట్ట తీసి, కాగితం చివర రాశాను:

జూన్ 12: గిన్నె దగ్గర వంగితే గుర్రుమంది. చూశాను. రాయలేదు.
జూన్ 16: గిన్నెకి రెండడుగుల దూరంలో ఉన్నా గుర్రుమంది. చూశాను. రాయలేదు.
తిండి దగ్గర తప్ప ఇంకెక్కడా, ఎప్పుడూ గుర్రుమనలేదు. చూశాను.

కింద సంతకం పెట్టాను. మేడమ్ టేబుల్ మీద పెట్టి, వెళ్లి గదులు కడిగాను. ఇరవై రెండూ కడిగాను. ఎలాగూ ఆఖరి రోజు.

మధ్యాహ్నం పిలిచింది. ఎందుకు రాయలేదు అంది. రాస్తే ఎవరూ తీసుకెళ్లరనుకున్నాను అన్నాను. అనుకున్నావు అంది. అంతే, ఆ ఒక్క మాటే. చెంపమీద కొట్టినా అంత తగిలేది కాదు.

ఆ పాప ఇంటికెళ్లి ఈ కాగితం నువ్వే చూపించి రా అంది. ఉద్యోగం గురించి ఏమీ అనలేదు. అడిగే మొహం నాకు లేదు.

జూలై 1, మంగళవారం

ఇవాళ నాన్నతో వెళ్లాల్సిన రోజు. ఒక్క పని మిగిలింది, అది చేసొస్తానన్నాను. సరే అన్నాడు.

పాప వాళ్లమ్మ తలుపు తీసి కాగితం చదివింది. నీకు పిల్లలున్నారా అంది. లేరన్నాను. అందుకే అంది. ఇంకా చాలా అంది. అవన్నీ రాయను, అన్నీ నిజమే. తలొంచుకుని నిలబడ్డాను. పాప వచ్చి బ్యాండేజ్ చూపించింది. అది ఇప్పుడు అన్నం తింటోందా అని అడిగింది. తింటోందన్నాను. మళ్లీ నేను వెయ్యనులే అని చెప్పు దానికి అంది.

గేటు దాటాక కాసేపు ఏ బస్సూ ఎక్కలేదు.

షెల్టర్‌కి తిరిగొచ్చేసరికి డాక్టర్, మేడమ్ దాన్ని షెడ్డులోంచి మళ్లీ పదకొండో గదికి తెచ్చారు. గిన్నె పెట్టి, తీసి, పొడుగాటి కర్ర చివర రబ్బరు చెయ్యి కట్టి, గంటసేపు చూశారు. నేను రాసింది రాసినట్టే జరిగింది. మేడమ్ ఎర్ర చుక్క మీద కాగితం అంటించింది. పైన రాసింది: పిల్లలున్న ఇంటికి ఇవ్వకూడదు. తినేటప్పుడు ఒంటరిగా వదిలేయాలి.

నావైపు తిరిగి, నీ ట్రయల్ లెక్కలోంచి నెల కొట్టేశాను అంది. ట్రయల్ మళ్లీ మొదట్నుంచి, రేపు మొదటి రోజు. ఆరు గంటలకి గేటు దగ్గరుండు, ఒక్క ముక్క దాస్తే రెండో రోజు ఉండదు అంది.

బాల్చీ అక్క వెనక నుంచి, ముందు ఆ నేల చూడు, మళ్లీ ముగ్గేశావు అంది.

ఇంటికొచ్చి మొత్తం చెప్పాను. నాన్నకిచ్చిన మాట ప్రకారం నేను లిఫ్టులకి పోవాలి. రేపు షెల్టర్‌కి ఎన్నింటికి వెళ్లాలి అన్నాడు నాన్న. ఆరింటికి అన్నాను. ఆ టైంకి బస్సుండదే అన్నాడు. అంతే, టీవీ పెట్టుకున్నాడు.

జూలై 2, బుధవారం

మొదటి రోజు. నడిచెళ్లాను. గంటా పది నిమిషాలు.

జూలై 4, శుక్రవారం

వాచీలు రిపేరు చేసే ముసలాయన వచ్చాడు. ఒంటరి మనిషి. ఏ కుక్కనీ చూడకుండా ముందు అట్టలే చదివాడు, కంటికి భూతద్దం పెట్టుకుని. పదకొండో దాని దగ్గర ఆగిపోయాడు. మొదటి నుంచి చివరి దాకా, నా సంతకం దాకా చదివాడు. ఈ రాయలేదు, రాయలేదు అని రాసినవాడెవడు అన్నాడు. నేనే అన్నాను. నన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

తినేటప్పుడు ఎవరైనా పలకరిస్తే నాక్కూడా చిర్రెత్తుకొస్తుంది అన్నాడు. నేను రేడియో కూడా కట్టేసి తింటాను, ఇద్దరం చెరో గదిలో తింటాం, దీనికి ఇంకేం రోగాలున్నాయో అవీ చెప్పు అన్నాడు. ఉరుములొస్తే మూలకి దూరుతుంది, సబ్బు నాకుతుంది, నిద్రలో కాళ్లు కొట్టుకుంటుంది అన్నీ చెప్పాను. ఒక్కటి కూడా వదల్లేదు.

తల ఆయన మోకాలికి ఆనించింది. ఆయన కొంచెం తూలి, గోడ పట్టుకున్నాడు. బరువుంది అన్నాడు.

అవునండీ, చూశాను అన్నాను.

జూలై 7, సోమవారం, ఉదయం 5:20

పనికి వెళ్లేముందు, పదకొండుని తీసుకెళ్లిన వాచీలాయన ఇంటికెళ్లి, అది పొద్దుటి తిండి ఎలా తింటోందో చూడాలి. కిటికీలోంచి, దూరం నుంచి.

నాన్న. వయసు యాభై ఎనిమిది. చూసింది: స్కూటర్ బయటికి తీశాడు. రెండో హెల్మెట్ అటక మీద నుంచి దించాడు. చొక్కా అంచుతో దాని అద్దం తుడిచాడు. అటూ ఇటూ చూసి మళ్లీ తుడిచాడు.

అనుకున్నది నా దగ్గరే ఉంచుకుంటాను.

హారన్ కొడుతున్నాడు. వెళ్లాలి