పెద్దాయన లేని ముందుమాట

జూన్ 3
మా ఊరి ప్రెసిడెంటుగారి ముందుమాట వచ్చింది. రెండు పేజీలు. ఒకటిన్నర పేజీ వాళ్ల నాన్నగారు ఊరికి చేసిన మేలు. చివర్న – ‘ఈ కవితలు మనసును కదిలిస్తాయి’. నా పుస్తకంలో ఒక్క కవిత లేదు. కిడ్నీ జబ్బుతో ఉన్న మా ఊరివాళ్లు చెప్పుకున్న మాటలవి. చదవలేదు మహానుభావుడు. పెద్దవాళ్ల చేత రాయించకపోతే పుస్తకానికి గౌరవం ఉండదని నేనే వెళ్లి అడిగాను. బుద్ధిలేక.

జూన్ 5
ఇప్పుడు చదివాడట. ఫోన్. “మీ వదిన సెప్పిన ఆ పెళ్లిసూపుల సంగతి తీసెయ్యమ్మా. అది సూత్తే ఇంకెవులు సంబంధానికొత్తారు మన ఊరికి?” తీయకపోతే తన పేరు వద్దట. ఉండాలని ఎవరు ఏడ్చారు?
భయం లేదని కాదు. నా కొడుక్కీ ఇంకా పెళ్లి కాలేదు.

జూన్ 6
నిఘంటువు తీశాను. ఇరవై ఏళ్లుగా బళ్లో బోర్డు మీద ‘ఉపోద్ఘాతం’ అని రాస్తున్నాను, విప్పి చూసిన పాపాన పోలేదు. ఉప, ఉత్, ఘాతం. ఘాతమంటే దెబ్బ. మొదలుపెట్టడమంటే కొట్టడమేనన్నమాట... బాగుంది. ‘పీఠిక’లో పీట ఉంది. పీట వేసింది నేను, ఎక్కి కూర్చున్నది ఆయన. ‘ముందుమాట’కి నిఘంటువు అక్కర్లేదు. ముందు ఎవరు మాట్లాడాలి – అంతే.

జూన్ 8
వదిన దగ్గరికి వెళ్లాను. రేపు డయాలసిస్. కాళ్లు వాచి ఉన్నాయి. ముందుమాట నువ్వే చెప్పమన్నాను.
“నానేటి సెప్తానే అమ్మీ, సదువు లేందాన్ని.”
అంటూనే వాచిన కాళ్లు సర్దుకుని – “ఆ పెళ్లిసూపుల మాటే ముందెట్టు. మన ఊరి నీళ్లకే ఈ జబ్బొత్తాదని వచ్చినోళ్లు సీసాల్తో నీళ్లు తెచ్చుకున్నారు. మా గలాసులు ముట్టుకోనేదు. మా పిల్ల ఆ నిండు గలాసులే పారబోసి కడిగింది.”
తను ఏడవలేదు. నేనే ఏడ్చాను.

జూన్ 10
పలాస ప్రెస్సు. “పెద్దాయన పేరు లేకుండా ఎలాగండి మేడమ్?” అంటాడు ప్రెస్సాయన. ఆ రెండు పేజీలూ తీయించాను. వదిన మాటలు పెట్టించాను, కింద ఆమె పేరు. ఒక్క అక్షరం దిద్దలేదు. దిద్దను.

జూన్ 12
పొద్దున మావాడు కంచం ముందు కూర్చుని – “టెక్కలి సంబంధపోళ్లు రావట్లేదంటమ్మా. పుస్తకం సంగతి ఎవులో సెప్పేరంట.” ఇంకా అచ్చే కాలేదు. నన్ను తిట్టినా బాగుండును. తినకుండా లేచి వెళ్లాడు.
పదింటికి ప్రెస్సాయన ఫోన్. “మెషినెక్కించమంటారా? ఎక్కితే మరి ఆపలేనండి.”
ఎక్కించమన్నాను.
సాయంత్రమైంది. వాడు ఇంకా ఇంటికి రాలేదు.