హెస్టర్ స్వేచ్ఛగా రాలేదు

హ్యూయన్ లోయ, టాస్మానియా
1976 మార్చి 23

చిరంజీవి రోస్లిన్‌కూ, నీ కడుపులో ఉన్న బిడ్డకూ ప్రభువు కాపుదల ఉండాలని కోరుకుంటూ అమ్మ రాస్తున్నది. ఆయన దయవల్ల ఇక్కడ నాన్న, నేను, ముసలి కుక్కతో సహా అందరం బాగున్నాం. మీ క్లారెన్స్ మామయ్య నాతో మాట్లాడటం లేదు గాని, ఒంట్లో ఆయనా కులాసాగానే ఉన్నాడు.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. ఫోన్‌లో చెబుదామంటే ఎక్స్ఛేంజిలో డోరిన్ చెవి ఒగ్గి కూర్చుంటుంది. పోయినసారి నీ కాళ్ల వాపు సంగతి నాకంటే ముందు రొట్టెల కొట్టుకు చేరింది. ఇవాళ మాత్రం కలం తీయక తప్పలేదు. మీ అమ్మకు మతి చలించిందని నీకు రాయబోతున్నట్టు మామయ్య పొద్దున్నే వచ్చి నాన్నతో చెప్పి వెళ్లాడు. ఆయన ఉత్తరం పెర్త్ చేరేలోపు నాది చేరాలి.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. పడుకునేటప్పుడు కాళ్ల కింద దిండు పెట్టుకో, ఉప్పు తగ్గించు. నాన్న మోకాలు నిచ్చెన ఎక్కనివ్వడం లేదు. అందుకని ఈసారి కింద నిలబడి కోసేవాళ్లమీద కేకలు వేస్తున్నారు. ఆపిల్ బాగానే కాసింది, ఇంగ్లండుకు ఓడలు తగ్గాక కొనేవాళ్లే కరువయ్యారు. ఇక మూడో ప్రశ్న. ఆడపిల్ల పుడితే హెస్టర్ అని పెట్టనా, మా అత్తగారు మన వంశం గురించి అడుగుతున్నారు, నాలుగు ముక్కలు రాసి పంపు అన్నావు. ఆ నాలుగు ముక్కలకే ఇన్ని కాగితాలు పడుతున్నాయి.

హెస్టర్ మా నాన్నకు నాయనమ్మ. 1841లో స్వేచ్ఛగా వచ్చిందని మనింట్లో చెప్పుకునేవాళ్లం. ఖైదీల ఓడలో రాలేదని చెప్పడానికి, ఒకప్పుడు ఇంగ్లండు తన ఖైదీలను తెచ్చి దింపిన ఈ దీవిలో ఆ ఒక్క మాట చాలు. దానికి రుజువుగా ఆమె ఓడలో కుట్టిన బొంత ఉండనే ఉంది. చిన్న చిన్న పూల గుడ్డముక్కలు వేల కుట్లతో అతికిన బొంత. ఎవరు ఇంటికొచ్చినా మామయ్య దాన్ని పరిచి, "నాలుగు నెలల ప్రయాణంలో తీరిగ్గా కూర్చుని సూదిపని చేసుకుందంటే ఎలాంటి ఇంటి పిల్లో మీరే చెప్పండి," అనేవాడు. నువ్వూ చాలాసార్లు విన్నావు.

ఈ ఏడాది పంట కృతజ్ఞతా ఆదివారం నాడు చర్చి గోడకు రాతిపలక పెట్టాలని సంఘం నిర్ణయించింది. చర్చి కట్టిన తొలి కుటుంబాల పేర్లు దానిమీద ఉంటాయి. మన వరుసలో 'స్వేచ్ఛగా వచ్చిన హెస్టర్ లవెల్' అని మామయ్యే రాసిచ్చాడు. ఓడ పేరు కూడా చెక్కిద్దామని, అది కనుక్కురమ్మని నన్ను హోబార్టు పంపాడు. ఆ ఆదివారం హెస్టర్ గురించి నాలుగు మాటలు చదవాల్సింది కూడా నేనే.

దస్తావేజుల ఆఫీసులో తెల్లజుట్టు పెద్దాయన ప్రయాణికుల జాబితాలన్నీ తిరగేశాడు. ఎందులోనూ ఆమె లేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఇంకో రకం పుస్తకాలున్నాయమ్మా. చాలామంది వాటి జోలికి వెళ్లొద్దంటారు. మీరేమంటారు?" అని అడిగాడు. తెమ్మన్నాను.

హెస్టర్ లవెల్, పందొమ్మిదేళ్లు, వంటింటి పనిమనిషి. ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు. ఎడమ మణికట్టు మీద కాలిన మచ్చ. యజమాని ఇంట్లో రెండు దుప్పట్లు దొంగిలించినందుకు ఏడేళ్ల శిక్ష. ఇక్కడికొచ్చాక యజమానురాలికి ఎదురు చెప్పినందుకు పదిరోజులు చీకటిగదిలో రొట్టె, నీళ్లు. ఏడాది తిరక్కుండా అదే తప్పుకు మళ్లీ పదిరోజులు. రెండోది చదువుతుంటే నాకు నవ్వొచ్చింది, తల్లీ. యాభై ఏళ్లుగా నేను ఎవరికీ ఎదురు చెప్పి ఎరగను.

బొంత మాట ఎత్తితే ఆ పెద్దాయన తల ఊపాడు. లండనులో దయగల ఆడవాళ్లు కొందరు ఖైదీల ఓడ ఎక్కే ఆడవాళ్లకు తలా ఒక సంచి ఇచ్చేవారట. అందులో గుడ్డముక్కలు, సూదులు, దారం ఉండేవట. ఊరికే కూర్చుంటే పాడవుతారని కుట్టుకోమనేవారట. మనం గొప్పింటి పిల్ల అనడానికి రుజువుగా పరిచి చూపించిందే, ఆమె ఖైదీ అనడానికి రుజువు.

ఇంటికొచ్చి మామయ్యకు చెప్పాను. వినగానే, "వేరే హెస్టర్ ఎవరో అయ్యుంటుంది," అన్నాడు. మణికట్టు మచ్చ గురించి మా నాన్న చెప్పేవాడు కదా అన్నాను.

"రాయి చెక్కడం అయిపోయింది, వినీ. నోరు మూసుకుని పువ్వులు సర్దుకో. నీ కూతురు అత్తగారింట్లో తలెత్తుకు తిరగొద్దా?"

"అది తలెత్తుకునే తిరుగుతుంది అన్నయ్యా. పడిన శిక్ష ఆమె అనుభవించింది, దేవుడు క్షమించాడు. ఇంకా దాస్తున్నది మనమే."

ఎవరి మాటా వినకుండా పోతున్నావని గట్టిగా తలుపు వేసి వెళ్లాడు. పక్కింటి తెల్మా అత్త పెరట్లోంచి అంతా విన్నది. "ఈ లోయలో అందరి ముత్తాతలూ స్వేచ్ఛగానే వచ్చారే పిల్లా. మరి ఆ ఖైదీలంతా సముద్రంలో దూకేశారంటావా?" అంది.

ఆదివారం చర్చి నిండా గుమ్మడికాయలు, ఆపిల్ బుట్టలు, గోధుమ కంకుల పనలు. రాతిపలక మీద తెల్లగుడ్డ కప్పారు. నా వంతు వచ్చింది. మామయ్య రాసిచ్చిన కాగితం సంచిలోనే ఉంచి, ఆఫీసులో రాసుకున్నది తీశాను. పేరు, వయసు, నేరం, శిక్ష, చీకటిగది ఏదీ వదలకుండా చదివాను. "ఈ చర్చికి రాళ్లు మోసింది ఈమే. ఈమె పేరు అబద్ధం పక్కన ఉంటే నేనొప్పుకోను. ఆ మాట చెరపండి, లేదంటే మా వరుసే తీసేయండి," అన్నాను. నా గొంతు ఎప్పటిలాగే చిన్నది. కానీ వెనక బెంచీ దాకా చేరింది.

ముందు బెంచీ నుంచి మామయ్య లేచి వెళ్లిపోయాడు. ఇంకో రెండు కుటుంబాలు ఆయన వెనకే వెళ్లాయి. తెల్మా అత్త లేచి నిలబడి, "మా ముత్తాత గొర్రెల దొంగ. అదీ రాసుకోండి," అని కూర్చుంది. పాస్టరుగారు గొంతు సవరించుకుని కీర్తన మొదలుపెట్టించారు.

రాయి ఇంకా గుడ్డ కిందే ఉంది. సంఘం వచ్చేనెల తేలుస్తుందట. చర్చిలో పువ్వులు సర్దేవాళ్ల వంతుల పట్టీలో నా పేరు కొట్టేశారు. నిన్న నేను నా తోటలో పువ్వులే కోసుకెళ్లి చర్చి కిటికీలో పెట్టి వచ్చాను. ఎవరూ తీయలేదు.

ఇక ఇంతసేపూ రాయకుండా దాటేసింది రాస్తాను. మీ నాన్నకు కూడా ఇది తెలియదు.

మా నాన్న పోయే ముందు వారం, నువ్వు నా కడుపులో ఉన్నప్పుడు, నన్నొక్కదాన్నే పిలిచి ఒక కవరు చేతిలో పెట్టాడు. హెస్టర్ ఏడేళ్ల శిక్ష తీరిందని సర్కారు ఇచ్చిన పత్రం అది. మడతల దగ్గర నలిగి గుడ్డలా మెత్తబడింది. దాన్ని ఆమె చనిపోయేదాకా దాచుకుందట. "కాల్చేయ్ వినీ. క్లారెన్సుకు తెలియనివ్వకు. పిల్లలకు మచ్చ వద్దు," అన్నాడు. పొయ్యి మీద ఆపిల్ జామ్ ఉడుకుతోంది. గరిటె పక్కన పెట్టి, పొయ్యి తలుపు తీసి పత్రం లోపల వేశాను. మళ్లీ గరిటె తీసుకున్నాను. ఆమె స్వేచ్ఛకు ఉన్న ఒకే ఒక్క కాగితాన్ని నా చేత్తో కాల్చాను.

అంటే ఇరవై అయిదేళ్లుగా నాకు తెలుసు. మామయ్యకు తెలియదు. ఆయన అబద్ధం ఆడలేదు రోస్లిన్, నమ్మాడు. తెలిసీ ఆ బొంత పక్కన కూర్చుని తలాడించింది నేను. హోబార్టుకు ఓడ పేరు కోసం వెళ్లలేదు, నేను కాల్చింది ఎక్కడైనా మిగిలుందేమో చూడటానికి వెళ్లాను. నా పాపం దేవుడి దగ్గర ఒప్పుకున్నాను. అయినా చర్చిలో చదివినందుకు ఎవరి దగ్గరా క్షమాపణ అడగను. అడగమని పాస్టరుగారు మెత్తగా చెప్పారు, నేనూ అంతే మెత్తగా కుదరదన్నాను.

నీకు ఇష్టమైతే బిడ్డకు హెస్టర్ అనే పేరు పెట్టు. మీ అత్తగారు అడిగితే దుప్పట్ల సంగతి, చీకటిగది సంగతి దాచకు. ఆవిడ మొహం ముడుచుకుంటే ముడుచుకోనీ. అది ఊరందరి ముందూ చదివిన కథ, ఎవరికైనా చెప్పుకో.

పొయ్యి సంగతి రాసిన ఈ కాగితాలు మాత్రం నీ దగ్గరే ఉంచు, ఎవరికీ చూపకు. మా నాన్న తనకు అబద్ధం చెప్పి పోయాడని మామయ్య ఈ వయసులో తెలుసుకోనక్కర్లేదు. కానీ చింపొద్దు, కాల్చొద్దు. ఇంట్లో ఆ పని ఒకసారి జరిగింది, అది చాలు.

ఇట్లు,
నీ క్షేమం కోసం మోకరించే
మీ అమ్మ వినిఫ్రెడ్