కుడిచేతి కరెంటు

పలాస, ఫిబ్రవరి 3

ఉమాశంకరం బావకి నీ బావమరిది జగన్నాథరావు నమస్కరించి రాయునది.

ఫోన్ చేస్తే ఎత్తవని ఉత్తరం రాస్తున్నాను. ఆ పనసచెట్టు గొడవయి ఆరేళ్లయింది. అక్కా నువ్వూ మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. అదలా ఉంచు. టెక్కలిలో ముప్పయ్యేళ్లు పిల్లలకు సైన్సు చెప్పినవాడివి, నాకో సందేహం తీర్చు.

పోయిన నెల కొత్త కారు కొన్నాను. కొత్తదనం పోకూడదని సీట్ల మీది పాలిథిన్ కవర్లు కూడా తీయలేదు. దిగి తలుపు ముట్టుకుంటే చాలు, చురుక్కుమని కరెంటు! నిన్న మన జీడిపప్పు ఫ్యాక్టరీ ముందు దిగి ఓ పెద్ద వ్యాపారికి చెయ్యిచ్చాను. ఇద్దరం ఒకేసారి ఎగిరిపడ్డాం. ఆయన చెయ్యి దులుపుకుని దూరం నుంచే దండం పెట్టాడు. మెకానిక్కు వైర్లన్నీ చూసి కారులో ఏ లోపమూ లేదన్నాడు. అంటే నాలోనే ఉందన్నమాట.

చిత్తగించవలెను,
జగన్నాథరావు

తా.క.: మా ఆవిడ గౌరీశ్వరి ఏమంటోందో తెలుసా? "తప్పుడు పెమానం సేసిన సెయ్యి, కొట్టదేటి మరి?" అంటోంది. దానికి సైన్సు తెలియదు.

టెక్కలి, ఫిబ్రవరి 8

జగన్నాథానికి ఆశీస్సులు.

మీ అక్క రత్నాలు నీ ఉత్తరం చింపబోతే ఆపాను. కొట్టేది ఏ చెయ్యి? మీ నాన్న మీ ఇద్దరికీ పంచిన తోటలో, తుఫానుకి కంచె పడిపోయాక, "హద్దురాళ్లు పాతచోటే పాతాను, పనసచెట్టు నా వైపుదే" అని పెద్దల ముందు కర్పూరం ఆర్పి ప్రమాణం చేశావే, ఆ చెయ్యేనా?

ఒక పరీక్ష చెయ్యి. కారు దిగుతూ నలుగురికీ వినపడేలా ఒక నిజం చెప్పు. కొట్టకపోతే జబ్బు తెలిసిపోయినట్టే.

ఇట్లు,
ఉమాశంకరం

తా.క.: చిన్నాచితకా నిజాలకు లొంగే జబ్బులా లేదు.

పలాస, ఫిబ్రవరి 14

బావకి నమస్కారాలు.

పరీక్ష చేశాను, పరువు పోయింది. ఫ్యాక్టరీలో నలభైమంది ఆడవాళ్లు గింజలు కొడుతుంటే, కారు దిగుతూ "నా జుట్టు నలుపు కాదు, రంగు!" అని అరిచాను. వాళ్లలో దుర్గ తలైనా ఎత్తకుండా "మాకు తెల్దేటి బావూ?" అంది. అయినా కరెంటు కొట్టింది. మర్నాడు "వాకింగని చెప్పి టీకొట్లో కూర్చుంటాను" అన్నాను. మళ్లీ కొట్టింది.

భయంతో,
జగన్నాథరావు

తా.క.: పెద్ద నిజం ఇదిగో. రాళ్లు రెండు గజాలు మీ వైపు జరిపాను. చెట్టు అక్కదే. ప్రమాణం అబద్ధం. ఈ మాట అక్కకి నువ్వే చెప్పు, నాకు మొహం లేదు.

టెక్కలి, ఫిబ్రవరి 20

ఒరే జగన్నాథం,

నిజమో అబద్ధమో కరెంటుకేం తెలుసురా? పాలిథిన్ కవరు మీద పాలిస్టర్ చొక్కాతో రాసుకుంటూ దిగితే ఎవరికైనా కొడుతుంది. కవర్లు పీకి పారెయ్యి. మొదటి ఉత్తరం చదవగానే నాకు తెలిసిపోయింది. ఆరేళ్ల కోపం, కాస్త ఆడించాను. తప్పు నాది కూడా.

రత్నాలు నీ తాజాకలం మూడుసార్లు చదివింది. "దొంగసచ్చినోడు" అని కళ్లు తుడుచుకుంది.

మీ బావ

తా.క.: ఆదివారం పనసపొట్టు కూరట. "ఆడ్ని రమ్మను, కాయలు ఆడే తేవాల" అంది.

పలాస, ఫిబ్రవరి 23

బావకీ అక్కకీ నమస్కారాలు.

కాయలు కోయించాను. రాళ్లు వెనక్కి పాతించాను.

బావా, ఇప్పుడు నా వంతు. మొదటి ఉత్తరం పోస్టు చేసిన సాయంత్రమే మా కీర్తి "ఇదేం పిసినారితనం నాన్నా?" అని ఆ కవర్లన్నీ చింపేసింది. ఆనాటి నుంచి నాకు ఒక్కసారి కూడా కరెంటు కొట్టలేదు. కానీ ఆరేళ్ల తర్వాత నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. కరెంటు పోయిందని రాస్తే నువ్వు మళ్లీ రాయవని భయం. పైగా చెట్టు సంగతి ఒప్పుకోవడానికి ఏదో ఒక సాకు కావాలి. నాకున్న ధైర్యం అంతే.

ఆదివారం వస్తున్నాను.

మీ తమ్ముడు,
జగన్నాథం

తా.క.: జుట్టు సంగతి మాత్రం నిజంగానే అరిచాను, కరెంటేమీ లేకుండానే. ఆ ఉత్తరంలో తా.క.కి ముందు అదొక్కటైనా నిజం ఉండాలని.